భాగం – 7: సాఫ్ట్‌వేర్ ఇంజనీరు నేపథ్యం, ప్రాజెక్టులు, విజయాలు – మార్గరెట్ హామిల్టన్ వృత్తి జీవితం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 నేపథ్యం
7.3 అపోలో ప్రాజెక్టు
7.4 1969 జులై 20: ఆచరణలో పరీక్ష
7.5 ఈ విజయం ఎవరిది?
7.6 తరువాతి కృషి, గుర్తింపు
7.7 మీ ప్రాజెక్టు నివేదికకు అన్వయం
7.8 సారాంశం
7.9 కీలక పదాలు
7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు
7.11 నమూనా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు కింది పనులు చేయగలుగుతారు.

• ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు వృత్తి జీవితాన్ని నేపథ్యం, ప్రాజెక్టులు, విజయాలు అనే మూడు అంశాల కింద వివరించడం.
• ప్రోగ్రాము రాయడానికీ, సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌కూ మధ్య ఉన్న తేడాను ఉదాహరణలతో తెలపడం.
• ప్రాధాన్య క్రమం, పునఃప్రారంభ రక్షణ, ఇంటర్‌ఫేస్ దోషం అనే భావనలను వివరించడం.
• బృందం చేసిన పనిలో వ్యక్తి పాత్రను నిజాయితీగా గుర్తించి రాయడం.

7.1 పరిచయం

గత భాగంలో ప్రోగ్రామును రాసే దశలను తెలుసుకున్నారు. సమస్యను అర్థం చేసుకోవడం, అల్గారిథమ్ రాయడం, కోడు రాయడం, పరీక్షించడం ఆ దశలు. ఇచ్చిన ఇన్‌పుట్‌కు సరైన అవుట్‌పుట్ వస్తే పని పూర్తయినట్టేనని మనలో చాలామంది అనుకుంటాం. పరీక్షలో మార్కులు రావడానికి అది సరిపోవచ్చు. కాని ఆ ప్రోగ్రామును ఇతరులు వాడటం మొదలుపెట్టిన రోజున అసలు ప్రశ్నలు ఎదురవుతాయి. వాడేవారు తప్పు మీట నొక్కితే ఏమవుతుంది? మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? యంత్రం చేయగలిగిన దానికంటే ఎక్కువ పని ఒకేసారి వచ్చి పడితే ఏమవుతుంది?

ఈ ప్రశ్నలకు ముందుగానే సమాధానం సిద్ధం చేసుకోవడం సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పని. ఈ మాటను నిర్వచనంగా కంఠస్థం చేసే బదులు ఒక ఇంజనీరు జీవితంలో చూస్తే బాగా అర్థమవుతుంది. అందుకోసం ఈ భాగంలో అమెరికాకు చెందిన మార్గరెట్ హామిల్టన్ వృత్తి జీవితాన్ని ఎంచుకున్నాం. మనిషిని చంద్రుని మీదికి పంపిన అపోలో కార్యక్రమంలో నౌకల్లోని కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ తయారు చేసిన బృందానికి ఆమె నాయకత్వం వహించారు. అక్కడ ప్రోగ్రాము విఫలమైతే పోయేది మార్కులు కాదు, మనుషుల ప్రాణాలు.

7.2 నేపథ్యం

7.2.1 విద్య

మార్గరెట్ హామిల్టన్ 1936 ఆగస్టు 17న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పావోలీ అనే చిన్న పట్టణంలో జన్మించారు. అర్ల్‌హామ్ కళాశాలలో గణితశాస్త్రం ప్రధాన విషయంగా, తత్వశాస్త్రం ఉప విషయంగా చదివి 1958లో పట్టభద్రురాలయ్యారు. గణితంలో పైచదువు చదవాలని ఆమె కోరిక. అప్పటికే వివాహం అయింది. భర్త హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదవవలసి ఉండటంతో దంపతులు బోస్టన్ ప్రాంతానికి వచ్చారు. ఆయన చదువు పూర్తయ్యేవరకు ఇల్లు గడవడానికి ఆమె ఉద్యోగంలో చేరారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆమె కంప్యూటర్ డిగ్రీ చదవలేదు. ఆ రోజుల్లో కంప్యూటర్ సైన్సు అనే శాఖ విశ్వవిద్యాలయాల్లో ఇంకా స్థిరపడలేదు. ప్రోగ్రాములు రాయడం ఎవరికి వారు పనిచేస్తూ నేర్చుకోవలసిన విద్య. ఉద్యోగం చేస్తూ, ఇల్లు చూసుకుంటూ చదువుకుంటున్న దూరవిద్య విద్యార్థులకు ఈ పరిస్థితి కొత్తది కాదు.

7.2.2 తొలి ఉద్యోగాలు

1959లో ఆమె మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ లోరెంజ్ దగ్గర పనికి చేరారు. ఎల్‌జీపీ-30 అనే చిన్న కంప్యూటరు మీద వాతావరణ అంచనాలకు ప్రోగ్రాములు రాయడం ఆమె పని. లెక్కలో తొలి విలువ కొద్దిగా మారినా చివరి ఫలితం పూర్తిగా మారిపోవచ్చునని తరువాత లోకానికి చాటిన లోరెంజ్ ఈయనే.

1961 నుంచి 1963 వరకు అదే సంస్థకు చెందిన లింకన్ ప్రయోగశాలలో సేజ్ అనే ప్రాజెక్టులో పనిచేశారు. శత్రు విమానాలను రాడార్ల ద్వారా గుర్తించే వ్యవస్థ అది. అక్కడ కొత్తగా చేరినవారికి ఎవరికీ అర్థం కాని ఒక ప్రోగ్రామును ఇచ్చి పని చేయించమనేవారని, దాన్ని రాసిన వ్యక్తి వ్యాఖ్యలన్నీ గ్రీకు, లాటిన్ భాషల్లో రాశాడని హామిల్టన్ తరువాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆమె దాన్ని పనిచేయించగలిగారు. ప్రోగ్రాము మధ్యలో ఆగిపోతే దీపాలు వెలిగి, గంటలు మోగి, అది ఎవరి ప్రోగ్రామో అందరికీ తెలిసిపోయేదట. తన ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో, ఎందుకు వచ్చిందో వెతకడం మీద ఆమెకు ఆసక్తి పెరిగింది. ఆ తరువాత ఆమె చేసిన పనంతటికీ మూలం ఈ ఆసక్తే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

గమనిక: మీ సమాధానాన్ని విడిగా కాగితం మీద రాసి, 7.10లో ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.

1. అపోలోకు ముందు హామిల్టన్ పనిచేసిన రెండు ప్రాజెక్టులు ఏవి?
2. ఆమె కళాశాలలో చదివిన ప్రధాన విషయం ఏది?

7.3 అపోలో ప్రాజెక్టు

7.3.1 నౌకలోని కంప్యూటరు

అపోలో నౌకలకు దారి చూపే కంప్యూటరును, దాని సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే బాధ్యతను అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1961లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ప్రయోగశాలకు అప్పగించింది. 1960ల మధ్యకాలంలో హామిల్టన్ ఈ పనిలో చేరారు. క్రమంగా నౌకల్లోని సాఫ్ట్‌వేర్ బాధ్యత చూసే విభాగానికి అధిపతి అయ్యారు.

ఆ కంప్యూటరు పరిమితులు తెలిస్తే పని ఎంత కష్టమో అర్థమవుతుంది. దాని బరువు సుమారు 32 కిలోలు. ప్రోగ్రాములు ఉంచే శాశ్వత మెమరీ 36,864 పదాలు. లెక్కలు చేస్తున్నప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ 2,048 పదాలు. ఇక్కడ పదం అంటే పదహారు బిట్లు. రెండూ కలిపినా ఈ రోజు సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫోటోకు చాలవు.

శాశ్వత మెమరీ తయారయ్యే పద్ధతి మరీ విశేషమైనది. చిన్న చిన్న అయస్కాంత వలయాల గుండా సన్నని తీగలను అల్లేవారు. తీగ వలయం గుండా వెళితే ఒకటి, పక్కనుంచి వెళితే సున్న. రేథియాన్ కర్మాగారంలో ఎక్కువగా స్త్రీలు ఈ అల్లికను చేతితో చేసేవారు. అంటే ప్రోగ్రాము అక్షరాలా నేతపని. ఒకసారి నేసిన తరువాత దానిలో తప్పు దిద్దడం సాధ్యం కాదు. అందువల్ల ప్రయోగానికి నెలల ముందే ప్రోగ్రామును ఖరారు చేయవలసి వచ్చేది. 'తరువాత సరిచేద్దాం' అనే మాటకు అక్కడ చోటు లేదు.

7.3.2 'ఫర్గెట్ ఇట్' ప్రోగ్రాము

చేరిన కొత్తలో హామిల్టన్‌కు ఇచ్చిన పనుల్లో ఒకటి, మనుషులు లేని నౌక ప్రయాణం మధ్యలో రద్దయితే ఏం చేయాలో చెప్పే ప్రోగ్రాము రాయడం. అలా జరగదన్న నమ్మకంతోనే దాన్ని కొత్తగా చేరిన మనిషికి ఇచ్చారు. ఆమె కూడా దానికి 'ఫర్గెట్ ఇట్' అని, అంటే 'మరిచిపోండి' అని పేరు పెట్టారు. తీరా ఆ ప్రయోగం విఫలమై కంప్యూటరు నేరుగా ఆ ప్రోగ్రాములోకే వెళ్లింది. అందరూ మరిచిపోయిన ఆ ప్రోగ్రాము గురించి తెలిసినది ఆమె ఒక్కరికే కాబట్టి, రాత్రికి రాత్రి తాను నిపుణురాలినయ్యానని ఆమె తరువాత నవ్వుతూ చెప్పేవారు.

ఇందులో మనం నేర్చుకోవలసిన విషయం ఒకటుంది. జరగదనుకున్న సందర్భానికి రాసే కోడు కూడా ప్రధాన కోడంత ముఖ్యమైనదే. దానిని చివర్లో తొందరగా ముగించే పనిగా భావించకూడదు.

7.3.3 చిన్నారి నొక్కిన మీట

హామిల్టన్ కుమార్తె లారెన్ అప్పటికి చిన్నపిల్ల. రాత్రివేళల్లో, సెలవు దినాల్లో పని ఉంటే ఆమె పాపను వెంట తీసుకుని ప్రయోగశాలకు వెళ్లేవారు. తల్లి నౌక ప్రయాణాన్ని కంప్యూటరు మీద నమూనాగా నడిపి చూస్తుంటే, పాప కూడా వ్యోమగాములు వాడే మీటల పలకతో ఆడుకునేది. ఒకరోజు పాప ఏవో మీటలు నొక్కగానే నమూనా ప్రయాణం ఆగిపోయింది. ఏం జరిగిందని హామిల్టన్ వెతికి చూశారు. నౌక ప్రయాణంలో ఉండగానే, నేల మీద ఉన్నప్పుడు మాత్రమే వాడవలసిన పీ01 అనే ప్రోగ్రామును పాప ఎంపిక చేసింది.

పిల్ల చేసిన పని వ్యోమగామి కూడా పొరపాటున చేయవచ్చు కదా అని హామిల్టన్ ఆలోచించారు. ప్రయాణంలో పీ01ను ఎంచుకుంటే కంప్యూటరు దాన్ని నిరాకరించే విధంగా కోడు చేర్చుతామని అడిగారు. వ్యోమగాములు ఎంతో శిక్షణ పొందినవారు, అటువంటి తప్పు చేయరని పైవారు ఒప్పుకోలేదు. చివరకు 'ప్రయాణంలో పీ01ను ఎంచుకోవద్దు' అనే హెచ్చరికను పత్రాల్లో రాయడంతో సరిపెట్టవలసి వచ్చింది.

1968 డిసెంబరులో అపోలో 8 నౌక చంద్రుని చుట్టూ తిరిగి భూమికి వస్తోంది. వ్యోమగామి జిమ్ లోవెల్ దిశను సరిచూసుకోవడానికి 01 సంఖ్య గల నక్షత్రాన్ని ఎంచుకోబోయి, పొరపాటున 01 సంఖ్య గల ప్రోగ్రామును ఎంచుకున్నారు. నౌక తాను ఇంకా ప్రయోగ వేదిక మీదే ఉన్నానని భావించింది. దిశకు సంబంధించిన సమాచారం చెరిగిపోయింది. నేల మీది బృందాలు, నౌకలోని లోవెల్ కలిసి శ్రమించి దానిని తిరిగి నెలకొల్పారు. నౌక క్షేమంగా చేరింది. ఈ సంఘటన తరువాతే తాము అడిగిన రక్షణను కోడులో చేర్చడానికి అనుమతి వచ్చిందని హామిల్టన్ చెప్పారు.

లోవెల్ అజాగ్రత్తపరుడు కాడు. ఎంతో అనుభవం ఉన్న పైలట్. ఎంత నేర్పరి అయినా అలసిపోయినప్పుడు వేలు తప్పవచ్చు. 'వాడేవారు తప్పు చేయరు' అనే నమ్మకం మీద రూపొందించిన వ్యవస్థే అసలు తప్పు. మీరు ఆన్‌లైన్‌లో రైలు టికెట్టు తీసుకునేటప్పుడు నిన్నటి తేదీని ఎంచుకోనివ్వకపోవడం, డబ్బు పంపే ముందు పేరును చూపి మరోసారి అడగడం ఇదే సూత్రానికి ఉదాహరణలు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

3. అపోలో కంప్యూటరు శాశ్వత మెమరీలో చివరి నిమిషంలో మార్పులు చేయడం ఎందుకు సాధ్యం కాదు?
4. పీ01 సంఘటనలో 'పత్రాల్లో హెచ్చరిక' ఎందుకు సరిపోలేదు?

7.4 1969 జులై 20: ఆచరణలో పరీక్ష

7.4.1 ఏం జరిగింది?

అపోలో 11లో నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్, బజ్ ఆల్డ్రిన్ చంద్రుని మీదికి దిగుతున్న చివరి నిమిషాలవి. కంప్యూటరు తెర మీద 1202 అనే హెచ్చరిక సంఖ్య కనిపించింది. దాని అర్థం ఏమిటో నౌకలోని ఇద్దరికీ వెంటనే తెలియలేదు. కిందికి దిగే లోపల ఈ హెచ్చరిక నాలుగుసార్లు, 1201 అనే మరో హెచ్చరిక ఒకసారి వచ్చాయి.

కంప్యూటరుకు పని ఎక్కువైందని, కొత్త పనులు ఉంచుకోవడానికి మెమరీలో చోటు మిగల్లేదని ఆ సంఖ్యల అర్థం. ఇందుకు కారణం మరో రాడార్. చంద్రుని మీద నుంచి తిరిగి పైకి వచ్చినప్పుడు ప్రధాన నౌకను వెతకడానికి వాడే రాడార్ అది. దిగేటప్పుడు దానితో పనిలేదు. కాని దాని స్విచ్ ఉన్న స్థితి వల్ల, రెండు విద్యుత్ సరఫరాల మధ్య పొందిక కుదరకపోవడం వల్ల, అది కంప్యూటరుకు అర్థం లేని సంకేతాలను వరుసగా పంపింది. వాటిని లెక్కించడంలోనే కంప్యూటరు సమయంలో పదోవంతుకు పైగా ఖర్చయిపోయింది.

7.4.2 సాఫ్ట్‌వేర్ ఎలా తట్టుకుంది?

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒకే డాక్టరు ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని ఊహించండి. రోగులను చూడటానికి రెండు పద్ధతులున్నాయి. మొదటిది, బడిలో కాలపట్టిక లాగా ఒక్కొక్కరికి పది నిమిషాల చొప్పున ముందే సమయం కేటాయించడం. ఈ పద్ధతిలో ఒకరికి ఆలస్యమైతే అందరికీ ఆలస్యమవుతుంది. రెండవది, వచ్చినవారిలో ఎవరి స్థితి ప్రమాదకరంగా ఉందో వారిని ముందు చూడటం. పాము కరిచిన మనిషి వస్తే, దగ్గు మందుకోసం వచ్చినవారు కాసేపు ఆగుతారు. రద్దీ మరీ ఎక్కువైతే దగ్గు వచ్చినవారిని రేపు రమ్మంటారు.

అపోలో సాఫ్ట్‌వేర్ రెండవ పద్ధతిలో నడిచింది. ప్రతి పనికి ఒక ప్రాధాన్య సంఖ్య ఉండేది. నౌకను నడిపే పనికి ఎక్కువ ప్రాధాన్యం, తెర మీద అంకెలు చూపే పనికి తక్కువ ప్రాధాన్యం. దీనిని ప్రాధాన్య క్రమం అంటారు.

దీనికి తోడు పునఃప్రారంభ రక్షణ కూడా ఉంది. ముఖ్యమైన ప్రతి పని తాను ఎంతవరకు వచ్చిందో మెమరీలో ఎప్పటికప్పుడు గుర్తు పెట్టుకుంటుంది. చోటు నిండిపోగానే కంప్యూటరు పనులన్నీ ఆపి మళ్లీ మొదలవుతుంది. అప్పుడు ముఖ్యమైన పనులు తాము గుర్తు పెట్టుకున్న చోటు నుంచి కొనసాగుతాయి. ముఖ్యం కానివి వదిలివేయబడతాయి. ఇదంతా రెప్పపాటులో జరిగిపోతుంది. అందుకే 1202 వచ్చిన ప్రతిసారీ నౌక దారి తప్పకుండా దిగుతూనే ఉంది.

హెచ్చరిక రావడం సాఫ్ట్‌వేర్ వైఫల్యం కాదు. 'నాకు పని ఎక్కువైంది, ముఖ్యమైనవి మాత్రం చేస్తున్నాను' అని మనుషులకు చెప్పడమే దాని ఉద్దేశం. సాధారణ అంకెలను పక్కకు నెట్టి అత్యవసర సమాచారాన్ని తెర మీదికి తెచ్చే ఏర్పాటును హామిల్టన్ తన ముఖ్యమైన కృషిగా చెప్పుకున్నారు.

7.4.3 మనుషులు ఎలా తట్టుకున్నారు?

హెచ్చరిక వచ్చినప్పుడు ప్రయాణం రద్దు చేయాలా, కొనసాగించాలా అని నేల మీది నియంత్రణ కేంద్రం కొద్ది క్షణాల్లో చెప్పాలి. ఆ బాధ్యత 26 ఏళ్ల స్టీవ్ బేల్స్‌ది. ఆయనకు వెనక నుంచి సహాయపడినవారు 24 ఏళ్ల జాక్ గార్మన్. 'కొనసాగించవచ్చు' అని వారు చెప్పగలిగారు. అదెలా సాధ్యమైంది?

ప్రయోగానికి కొద్ది రోజుల ముందు జరిగిన ఒక అభ్యాసంలో శిక్షకులు కావాలనే ఇటువంటి హెచ్చరికను ప్రవేశపెట్టారు. దాని అర్థం తెలియక బేల్స్ ప్రయాణాన్ని రద్దు చేయించారు. రద్దు చేయవలసిన అవసరం లేదని తరువాత తేలింది. ఆ తప్పును దాచిపెట్టకుండా, కంప్యూటరు ఇవ్వగల హెచ్చరికలన్నింటికీ ఏం చేయాలో జాబితా తయారు చేయమని అధికారి జీన్ క్రాంజ్ ఆదేశించారు. గార్మన్ ఆ జాబితాను చేతితో రాసి దగ్గర ఉంచుకున్నారు. అసలు రోజున అదే ఆదుకుంది.

భారత కాలమానం ప్రకారం జులై 21 వేకువకు ముందు 1 గంట 47 నిమిషాలకు నౌక చంద్రుని మీద దిగింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3

5. పునఃప్రారంభ రక్షణ అంటే ఏమిటి?
6. 1202 హెచ్చరికను సాఫ్ట్‌వేర్ వైఫల్యం అనవచ్చా? కారణం తెలపండి.

7.5 ఈ విజయం ఎవరిది?

1969లో తీసిన ఒక ఛాయాచిత్రం మీరు చూసే ఉంటారు. అందులో హామిల్టన్ తనంత ఎత్తు ఉన్న కాగితాల దొంతర పక్కన నవ్వుతూ నిలబడి ఉంటారు. ఆ కాగితాల్లో ఉన్నది అపోలో కంప్యూటరు సాఫ్ట్‌వేర్. ఈ చిత్రం కింద 'ఈ కోడంతా ఈమె ఒక్కరే చేతితో రాశారు' అని కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు.

అపోలో సాఫ్ట్‌వేర్‌ను వందలాది మంది తయారుచేశారు. పనులను ప్రాధాన్య క్రమంలో నడిపే మూల విధానాన్ని రూపొందించినవారు హాల్ లానింగ్. చంద్రుని మీదికి దిగే దశకు కోడు రాసినవారిలో డాన్ ఐల్స్ అనే యువకుడు ఉన్నారు. తీగలు అల్లిన స్త్రీల పేర్లయితే మనకు దాదాపు తెలియవు. హామిల్టన్ స్వయంగా కోడు రాశారు, దోషాలను వెతికే పద్ధతులను బలపరిచారు, బృందాన్ని నడిపించారు. వేరువేరు చోట్ల రాసిన ముక్కలన్నీ కలిసి ఒకే వ్యవస్థగా పనిచేసేటట్టు చూడవలసిన బాధ్యత ఆమెది. ఈ నిజం ఆమె గొప్పతనాన్ని తగ్గించదు. అంతమంది రాసిన కోడును ప్రాణాలు నిలిపేంత నమ్మదగినదిగా చేయడం ఒక్కరే రాయడం కంటే కష్టమైన పని.

అదే విధంగా, స్త్రీలు ఇటువంటి బాధ్యతల్లో అరుదుగా కనిపించిన కాలంలో ఆమె ఈ స్థానానికి వచ్చారన్న విషయాన్ని కూడా మరవకూడదు. చిన్నపిల్లను అలా వదిలి పనికి ఎలా వెళతావని తనను అడిగేవారని ఆమె చెప్పారు. ఎక్కువ చేసి చెప్పడమూ, అసలు చెప్పకపోవడమూ రెండూ అన్యాయమే.

7.6 తరువాతి కృషి, గుర్తింపు

ఆ రోజుల్లో యంత్రాలు తయారుచేసేవారిని ఇంజనీర్లనేవారు. ప్రోగ్రాములు రాసేవారికి ఆ గౌరవం లేదు. తమ పనికీ అంతే క్రమశిక్షణ, అంతే బాధ్యత ఉన్నాయని చెప్పడానికి హామిల్టన్ 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అనే మాటను వాడసాగారు. మొదట్లో తోటివారు దాన్ని సరదాగా తీసుకున్నారని ఆమె చెప్పారు. ఆ మాటను అదే కాలంలో మరికొందరు కూడా వాడారు. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో నిర్వహించిన సదస్సుకు అదే పేరు పెట్టడంతో అది ప్రపంచమంతటా వ్యాపించింది.

అపోలో తరువాత ఆమె బృందం ఆ ప్రాజెక్టులో దొరికిన దోషాలను వర్గీకరించి అధ్యయనం చేసింది. వాటిలో ఎక్కువ భాగం ఇంటర్‌ఫేస్ దోషాలని తేలింది. అంటే విడివిడిగా సరిగ్గా పనిచేసే రెండు భాగాలు కలిసే చోట వచ్చే దోషాలన్నమాట. పైన చెప్పిన రాడార్ సమస్య కూడా ఇటువంటిదే. ఈ అనుభవంతో ఆమె 1976లో మరొకరితో కలిసి హయ్యర్ ఆర్డర్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థను, 1986లో హామిల్టన్ టెక్నాలజీస్ అనే సంస్థను స్థాపించారు. దోషం వచ్చాక వెతకడం కాకుండా, రూపకల్పన దశలోనే అది పుట్టకుండా చూసే పద్ధతిని అభివృద్ధి చేయడం వాటి లక్ష్యం.

గుర్తింపు మాత్రం ఆలస్యంగా వచ్చింది. 1986లో అడా లవ్‌లేస్ పేరిట ఇచ్చే పురస్కారం లభించింది. 2003లో నాసా 37,200 డాలర్ల ప్రత్యేక పురస్కారం ఇచ్చింది. అప్పటివరకు నాసా ఒక వ్యక్తికి ఇచ్చిన మొత్తాల్లో అదే పెద్దది. 2016 నవంబరులో అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆమెకు ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రదానం చేశారు. చంద్రుని మీద మనిషి దిగి అప్పటికి 47 సంవత్సరాలు.

7.7 మీ ప్రాజెక్టు నివేదికకు అన్వయం

ఈ కోర్సు చివర్లో మీరు ఒక ప్రాజెక్టు నివేదిక సమర్పించాలి. ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు కూడా మీ నేపథ్యం, ప్రాజెక్టులు, విజయాలు రాయవలసి వస్తుంది. చాలామంది ఇక్కడ భాషల పేర్లు, సర్టిఫికెట్ల పేర్లు వరుసగా రాసి వదిలేస్తారు. వాటిని చదివితే మీరు ఏం చేయగలరో తెలియదు. ఈ భాగంలో హామిల్టన్ జీవితాన్ని చూసిన పద్ధతిలోనే మీ పనిని కింది నాలుగు ప్రశ్నలతో పరిశీలించుకోండి.

(1) ఎవరి సమస్యను తీర్చారు? దానికి ఉన్న పరిమితులు ఏవి?
(2) బృందంలో మీ వంతు పని ఏది? ఇతరుల వంతు ఏది?
(3) ఏం తప్పు జరిగింది, లేదా జరగవచ్చునని ఊహించారు? దానికి ఏం ఏర్పాటు చేశారు?
(4) ఆ ఏర్పాటు పనిచేసిందని ఎలా పరీక్షించారు?

ఒక ఉదాహరణ చూద్దాం. ఇద్దరు మిత్రులతో కలిసి గ్రామ గ్రంథాలయానికి పుస్తకాల నమోదు ప్రోగ్రాము తయారుచేశారనుకోండి. 'లైబ్రరీ సాఫ్ట్‌వేర్ తయారుచేశాను' అని ఒక్క వాక్యం రాస్తే సరిపోదు. 'ముగ్గురం కలిసి తయారుచేశాం. పుస్తకం ఇచ్చే, తీసుకునే భాగం నాది. నమోదు మధ్యలో కరెంటు పోతే ఒకే పుస్తకం ఇద్దరి పేరు మీద పడుతోందని గమనించాను. నమోదు పూర్తయితేనే లెక్కలోకి వచ్చేటట్టు మార్చి, ఇరవైసార్లు మధ్యలో ఆపి పరీక్షించాను' అని రాస్తే మీరు ఇంజనీరులా ఆలోచిస్తారని చదివేవారికి తెలుస్తుంది. తప్పు జరిగిందని రాయడానికి సంకోచించకండి. బేల్స్ అభ్యాసంలో చేసిన తప్పే అసలు రోజున ప్రయాణాన్ని కాపాడిన జాబితాకు కారణమైందని గుర్తుంచుకోండి.

7.8 సారాంశం

మార్గరెట్ హామిల్టన్ గణితం చదివి, పనిచేస్తూ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. వాతావరణ అంచనాలు, సేజ్ ప్రాజెక్టుల తరువాత అపోలో నౌకల సాఫ్ట్‌వేర్ బృందానికి నాయకత్వం వహించారు. వాడేవారు తప్పు చేయవచ్చు, యంత్రానికి పని ఎక్కువ కావచ్చు అని ముందే ఊహించి ఏర్పాట్లు చేయడం సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌కు ప్రాణం. పీ01 సంఘటన ఆ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో చూపింది. 1202 హెచ్చరిక ఆ ఏర్పాటు ఉంటే ఏమవుతుందో చూపింది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ బృందం చేసే పని. అందులో ఎవరి వంతు ఎంతో ఉన్నదున్నట్టు చెప్పడం కూడా ఇంజనీరు బాధ్యతే.

7.9 కీలక పదాలు

ప్రాధాన్య క్రమం: ముఖ్యమైన పనిని ముందు, తక్కువ ముఖ్యమైన పనిని తరువాత చేసే ఏర్పాటు.
పునఃప్రారంభ రక్షణ: వ్యవస్థ ఆగి మళ్లీ మొదలైనప్పుడు ముఖ్యమైన పనులు ఆగిన చోటు నుంచి కొనసాగే ఏర్పాటు.
ఇంటర్‌ఫేస్ దోషం: రెండు భాగాలు కలిసే చోట పొందిక కుదరక వచ్చే దోషం.
కోర్ రోప్ మెమరీ: అయస్కాంత వలయాల గుండా తీగలు అల్లి తయారుచేసిన శాశ్వత మెమరీ.

7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. లోరెంజ్ దగ్గర వాతావరణ అంచనాల ప్రోగ్రాములు, లింకన్ ప్రయోగశాలలో సేజ్ ప్రాజెక్టు.
2. గణితశాస్త్రం.
3. ప్రోగ్రామును తీగల అల్లికగా తయారుచేసేవారు. నేసిన తరువాత దిద్దడం వీలుకాదు.
4. శిక్షణ పొందినవారు కూడా పొరపాటు చేయవచ్చు. హెచ్చరిక కాగితం మీద ఉంది కాని, కంప్యూటరు ఆ తప్పును అడ్డుకోలేదు.
5. ముఖ్యమైన పనులు తమ దశను గుర్తు పెట్టుకుని, కంప్యూటరు మళ్లీ మొదలైనప్పుడు అక్కడి నుంచి కొనసాగడం.
6. అనకూడదు. పని ఎక్కువైందని గుర్తించి, ముఖ్యమైన పనులను కాపాడి, ఆ విషయాన్ని మనుషులకు తెలపడమే ఆ హెచ్చరిక ఉద్దేశం.

7.11 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అపోలో 11 దిగేటప్పుడు వచ్చిన హెచ్చరికలకు కారణాలను, సాఫ్ట్‌వేర్ వాటిని తట్టుకున్న తీరును వివరించండి.
2. పీ01, 1202 సంఘటనలను పోల్చి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు బాధ్యతలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అపోలో కంప్యూటరు మెమరీ పరిమితులను తెలపండి.
2. ఇంటర్‌ఫేస్ దోషం అంటే ఏమిటి? ఒక ఉదాహరణ ఇవ్వండి.
3. 'అపోలో కోడంతా ఒక్కరే రాశారు' అనే మాటను మీరు ఎలా సరిదిద్దుతారు?

III. ఆచరణాత్మక కృత్యం
మీరు రోజూ వాడే ఏదైనా ఒక యాప్‌ను తీసుకోండి. వాడేవారు చేయగల మూడు పొరపాట్లను రాసి, ఆ యాప్ వాటిలో దేనిని అడ్డుకుంటుందో, దేనిని అడ్డుకోదో స్వయంగా పరీక్షించి ఒక పుట నివేదిక తయారుచేయండి.